దున్నకుండా విత్తే డిస్కులు

సౌదీలో ఉనైజా దగ్గరి మక్కచేలల్లో నాతోపాటు కూలికొచ్చిన మా జగిత్యాల అన్న పని ట్రాక్టరుతో దుక్కి దున్నడం. విత్తే ప్లాంటర్‌ను ఎవరు నడిపినా, అన్న దాని వెనకాలే నడిచి, వేలితో మట్టి తవ్వి గింజ ఎంత లోతున పడిందో చూసేవాడు. చూశాక అరచేత్తో మెల్లగా మట్టి సర్దేవాడు.

ఒక ఏడు మా వీసాల యజమాని కఫీల్ దున్నకుండానే విత్తుదామన్నాడు. ప్లాంటర్‌కు ముందువైపు గోధుమ కొయ్యకాళ్లను కోసే డిస్కులు, వాటిని గట్టినేలలోకి అదిమే స్ప్రింగులు పెట్టాలి. నేను వెల్డింగ్ చేశాను, బిగింపంతా అన్నదే. మొదట గింజలు గడ్డిలోనే పైపైన పడ్డాయి. అన్న ఎండలో ప్లాంటర్ కింద పడుకుని స్ప్రింగులు మళ్లీ మళ్లీ సరిచేశాడు. చివరికి మొలకలు సాళ్లన్నిటా సమంగా లేచాయి.

కఫీల్ అన్నను కౌగిలించుకుని ‘ముమ్తాజ్’ అని మెచ్చుకున్నాడు. ఆ వారమే, దున్నే పని లేనప్పుడు దున్నేవాడెందుకని అన్న వీసా రద్దుచేసి, ఇంటికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు. వేరే పనేదైనా ఇవ్వమని అన్న అడిగితే, ‘ఖలాస్’ అన్నాడు.

కారెక్కే ముందు అన్న నన్నడిగాడు. “తప్పు బిగిస్తే నన్ను ఉంచుకుంటుండెనా తమ్మీ?”

“ఉంచుకుంటుండె అన్నా.”

“అట్ల బిగించుడు నాకు చేతగాకపాయె,” అని తలుపు వేసుకున్నాడు.