తివాచీల లోపలివైపు

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే పక్కన చలికాలంలో గుర్రపు స్వారీ పోటీలు జరిగేవి. గుర్రాల మీద సరదా ఉన్న కొందరు మిల్లు యజమానులు, ఒక పశువుల డాక్టరు కలిసి నడిపే చిన్న క్లబ్బు అది. పోటీల రోజున పనులు చూడడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను వాలంటీర్లుగా పిలిచేవారు. మా తాతయ్య వాళ్ళలో ఒకరు. భీమడోలు దగ్గర మాది వరి వ్యవసాయం. ఒకప్పుడు ఆయనకు సొంత జట్కా ఉండేది కాబట్టి గుర్రాలంటే బెరుకు లేదు. చొక్కా జేబుకు గుడ్డ బ్యాడ్జి పెట్టుకుని, పంచె పైకి కట్టి, గుర్రాలు దూకే అడ్డుకర్రల్లో ఒకదాని దగ్గర నిలబడేవారు. గుర్రం కాలు తగిలి కర్ర పడిపోతే మళ్ళీ ఎత్తి పెట్టడమే ఆయన పని.

నాకు పదేళ్ళప్పుడు నన్నూ రైల్లో వెంట తీసుకెళ్ళారు. పక్క అడ్డు దగ్గర ఉన్న పెద్దమనిషి పొద్దుటినుంచి ఆయన్ని ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

“ఏవండీ, కర్రలెత్తి ఎత్తి మీ నడుం పడిపోద్దండీ. ఈసారి గుర్రాన్నే పక్కనుంచి పొమ్మనండి.”

“అదే చెప్పి చూశానండీ. మీ దగ్గర పడగొట్టడం అలవాటైపోయిందంట, ఇనట్లేదు” అన్నారు తాతయ్య.

ఒక గోధుమరంగు ఆడగుర్రం తన వంతు వచ్చేదాకా మా దగ్గర్లోనే నిలబడి ఉంది. దాన్ని సాకే మనిషి నాకు బెల్లం ముక్క ఇచ్చి పెట్టమన్నాడు. తిన్నాక అది నా గౌను జేబులో మూతి పెట్టి ఇంకా ఉందేమో వెతికింది. ఆ క్షణం నుంచి మిగిలిన గుర్రాలు నాకు కనిపించలేదు. అదే గెలవాలని కూర్చున్నాను.

అది మా అడ్డు దగ్గరే పడింది. మీద ఉన్న రౌతు దుమ్ము దులుపుకుని లేచాడు. గుర్రం లేవబోయి మళ్ళీ పడింది. ముందుకాలు మోకాలి కింద వేలాడుతోంది. డాక్టరుగారు వచ్చి తడిమి చూసి, క్లబ్బు సెక్రటరీగారితో మెల్లగా ఏదో చెప్పి, కావలసిన మందు తన సంచిలో లేదని జీపెక్కి ఊళ్ళోకి వెళ్ళారు. నేను సెక్రటరీగారి దగ్గరికి పరిగెత్తాను. “ఏం లేదమ్మా, కట్టు కడతారు. నువ్వెళ్ళి పులిహోర తిను” అన్నారాయన. తాతయ్యను అడిగాను. ఆయన, “లేవదమ్మా. కాలు అలా విరిగితే గుర్రం బతకదు. డాక్టరుగారు మందు తెచ్చి, నొప్పి లేకుండా చంపేస్తారు” అన్నారు.

జనం చూడకూడదని సెక్రటరీగారు వేదిక మీద పరిచిన తివాచీలు తీయించారు. అతిథుల కోసం ఏలూరు నుంచి తెప్పించినవి. కుర్చీల్లో ఉన్నవాళ్ళు కాళ్ళు పైకెత్తితే వాటిని లాగి తెచ్చారు. వాలంటీర్లు వాటిని ఎత్తి పట్టుకుని, గుర్రానికి వీపులు పెట్టి, జనం వైపు తిరిగి చుట్టూ గోడలా నిలబడ్డారు. పట్టుకున్నవాళ్ళు కూడా లోపలికి చూడకూడదన్నది అక్కడి పద్ధతి. సాకిన మనిషి ఉండలేక రన్‌వే వెంట నడిచి వెళ్ళిపోయాడు. లోపల గుర్రం ఒక్కటే ఉంది.

తాతయ్య తన చేతిలో ఉన్న అంచును పక్కాయన చేతికిచ్చి లోపలికి తిరిగారు.

“పెద్దాయనా, అటు చూడకండి. ఇటు తిరగండి” అన్నాడు పొద్దున్న ఆటపట్టించిన మనిషే.

“ఇటు ఇంతమందిమి ఉన్నాం కదండీ. దానివైపు ఎవరున్నారు?”

నేను తివాచీ కింద నుంచి దూరి వెళ్ళాను. ఆయన నన్ను కోప్పడలేదు. “ఉంటే చివరిదాకా ఉండాలమ్మా. పోయేపనైతే ఇప్పుడే పో” అన్నారు. ఉన్నాను.

ఆయన గుర్రం మెడ పక్కన గొంతుక్కూర్చుని దానితో మాట్లాడడం మొదలుపెట్టారు. ఓదార్పు మాటలేం కాదు. దాళ్వా పంటకి కాలవ వదిలారని, మా చివరి మడికి ఇంకా నీళ్ళెక్కలేదని, కొల్లేటి వైపు పొలాలు మాత్రం నీళ్ళెక్కువై మునుగుతున్నాయని చెప్పారు. గుర్రం ఊపిరి తీసినప్పుడల్లా ఒళ్ళంతా కదిలేది. బయట మైకులో తర్వాతి పోటీదారు పేరు పిలిచారు. చప్పట్లు వినిపించాయి.

మొదట ఆ జీపు రాకూడదని కోరుకున్నాను. దారిలో చెడిపోవాలని, మందు దొరకకూడదని. అప్పుడు గుర్రం మళ్ళీ లేవబోయింది. అది చేసిన శబ్దం గురించి రాయను. ఆ తర్వాత కాసేపటికి నా కోరిక మారిపోయింది. జీపు ఇంకా రాలేదేమిటని చెవులు రిక్కించి కూర్చున్నాను. అది ఎప్పుడు మారిందో నాకు తెలియలేదు.

జీపు వచ్చింది. డాక్టరుగారి పని తొందరగానే అయిపోయింది. తాతయ్య చెబుతున్న మాట మధ్యలో ఆపకుండా పూర్తి చేసి లేచారు.

తిరుగు రైల్లో, జీపు రావాలని కోరుకున్నానని చెప్పాను. “నేనూ అంతేనమ్మా” అన్నారు. అలా కోరుకోవడం తప్పా అని అడిగాను. భీమడోలు వచ్చేదాకా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

చాలా ఏళ్ళకు మా అమ్మాయి ఏలూరు ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఉంది. మావాళ్ళు చూడలేక వరండాలో నిలబడేవారు. వాళ్ళను నేను తప్పుపట్టను. నేను మంచం పక్కన కూర్చుని వీధిలో సంగతులు, వానల సంగతులు, ఎవరింట్లో ఏం వండుకున్నారో చెబుతూ ఉండేదాన్ని. తనకు వినిపించిందో లేదో తెలియదు. వినిపించిందని నమ్మాలని చాలామంది చెప్పారు. నమ్మలేకపోయాను. గుర్రానికైనా వినిపించిందని నాకేం తెలుసు?

ఒక సాయంత్రం, తను బతకాలన్న నా కోరిక ఆ గుర్రం దగ్గరలాగే మారింది. ఈసారి అది మారడం నాకు తెలిసింది. కన్నబిడ్డ విషయంలో అలా కోరుకున్నాను, అది తీరింది కూడా.

వీపు తిప్పకుండా దగ్గర కూర్చోవడం తాతయ్య నేర్పారు. ఆ పని నేను చేయగలిగాను. దానివల్ల బాధ తగ్గుతుందని ఆయన ఎన్నడూ అనలేదు, తగ్గలేదు కూడా. అంతా అయిపోయి లేచాక, ఆ కోరికను మనిషి ఏం చేసుకోవాలో మాత్రం ఆయన నేర్పలేదు. తెలిసి ఉంటే ఆ రైల్లోనే చెప్పేవారు.