లెటీ చెయ్యి

అమెరికాలో టెనెసీ కొండల్లోని ఒక చిన్న క్రైస్తవ బడిలో లెటీ చేతికి ఒక పనుంది. శుక్రవారం ప్రార్థన చివర పాస్టర్ గారు, "ప్రభువుకి మనసిచ్చి రక్షణ పొందేవాళ్ళు చెయ్యెత్తండి" అంటారు. ఒక్క చెయ్యైనా లేచేదాకా ముసలి మిస్ ఓపల్ వాచిన వేళ్ళతో పియానో వాయిస్తూనే ఉండాలి, భోజనాల గంట మోగదు. ఏడేళ్ళప్పుడు లెటీ నిజంగానే ఏడుస్తూ ఎత్తింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, బస్సు ఆపేదానిలా ఎత్తుతూ వచ్చింది. పక్కన కూర్చునే స్నేహితురాలు డార్సీ మోకాలితో పొడిచేది: "ఎత్తవే తల్లీ, రొట్టెలు చల్లారిపోతున్నాయి!"

బడి వదిలి వెళ్ళేవాళ్ళు ఆఖరి శుక్రవారం తమ విశ్వాసం గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. తన వంతు వచ్చిన రోజు లెటీ మైకు ముందు నిలబడి, "ఎన్నిసార్లు రక్షణ పొందానో నాకే తెలీదండీ. మొదటిది నిజం. తర్వాతవన్నీ భోజనం కోసం. ఆ మొదటిది ఎలా ఉండేదో ఇప్పుడెంత వెతుక్కున్నా దొరకట్లేదు. అలిసిపోయాను" అంది. పాస్టర్ గారు ఎప్పటిలాగే చెయ్యెత్తమని పిలిచారు. పియానో మొదలైంది. తలలు వంచినవాళ్ళంతా ఓరకంట లెటీనే చూస్తున్నారు. అలవాటు కొద్దీ ఆమె భుజం కదిలింది. అంతలో పియానో మోత సగానికి తగ్గింది. మిస్ ఓపల్ ఒక చేత్తో వాయిస్తూ రెండో చెయ్యి పైకెత్తి కూర్చుంది.

"నువ్వు కూర్చో తల్లీ," అంది, "ఈ వారం నేనెత్తుతాలే."