ఎండుచేపలు కడిగిన నీళ్ళు

పూలకొట్టులో గులాబీ కనిపిస్తే ఇప్పటికీ వాసన చూడకుండా కదలలేను. అది కాదు. ఏదీ అది కాదు. మా అమ్మ పెంచిన పన్నీరు గులాబీ ఫోటో నా ఫోనులో ఉంది గానీ, ఫోటోకి వాసనేదీ?

అమ్మ పోయాక గరివిడిలో అద్దె ఇల్లు ఖాళీ చేశాం. తర్వాత వచ్చినవాళ్ళు పెరడంతా సిమెంటు చేయించేశారు. వాళ్ళ సిమెంటు మండిపోను! నాకు మిగిలింది ఒకే ఒక్క కొమ్మ. నర్సు ఉద్యోగం మీద కళింగపట్నం వెళ్తూ దాన్నీ, ఒక బస్తా ఎర్రమట్టినీ బస్సెక్కించాను.

“ఏటమ్మా, మన్ను మోసుకెల్తన్నావేటి?” అని కండక్టరు నవ్వాడు. నవ్వితే నవ్వనీ. అక్కడ ఉన్నది ఇసుకే మరి. ఆ మట్టి కుండీలో పోసి కొమ్మ నాటాను.

సముద్రపు గాలికి ఆకుల అంచులు మాడిపోయేవి. గాలివైపు పాత చీర కట్టాను. రోజూ పొద్దున్నే మంచినీళ్ళతో ఆకులు కడిగేదాన్ని. రెండేళ్ళకి పూసింది. పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఆదివారం చర్చికి తయారైన అమ్మ జడ వాసన. ఎంత ఏడ్చానో!

తర్వాతి వేసవిలో రెండు వారాలు ట్రైనింగుకి వెళ్ళాల్సి వచ్చింది. పక్కింటి పిన్నికి కుండీ అప్పగించాను. చేపలమ్ముకునే మనిషి, నోరు పెద్దది, మనసు మంచిది.

“సేపలు కడిగిన నీళ్ళు పొయ్యి పిన్నీ, గులాబీకి బలం” అన్నాను. అమ్మ అలాగే పోసేది.

తిరిగొచ్చేసరికి మొక్క నల్లగా మాడిపోయి ఉంది. కుండీలో మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది.

“ఏ నీళ్ళు పోసినావు పిన్నీ?”

“నువ్వు సెప్పినవే! యేట ఆపేసినారు కదేటి, పచ్చి సేపలెక్కడివి? ఎండుసేపలు కడిగి రోజూ మర్సిపోకుండా పోసినాను.”

అవి చేపల వేట నిషేధం రోజులని వెళ్ళేటప్పుడు నాకు తట్టనే లేదు. అయినా నోటికొచ్చినట్టు ఆమెనే తిట్టాను. ఆమె వంగి, కొమ్మను గోటితో గీరి చూసింది. లోపల ఎక్కడా పచ్చదనం లేదు.

“ఆమదాలవలసలో నా కూతురింటికాడ మంచి మన్నున్నాది, ఒక కొమ్మియ్యమ్మీ అని పోయినేడు అడిగినాను” అంది మెల్లగా. “మొక్క డస్సిపోతాదని ఇయ్యనన్నావు. ఇచ్చుంటే ఈయేల నీకో కొమ్మ దొరికీది.”

నిజమే, అడిగింది. డస్సిపోతుందన్నది వట్టి సాకు. అమ్మ వాసన ఇంకొకరి పెరట్లో ఉండటం నాకిష్టం లేకపోయింది.