అయిపోకముందే తెచ్చిన పాసులు

ఉధ్నా బట్టల మిల్లులో మగ్గం నడిపే అంబదాస్‌కు ఏదైనా అయిపోతుందేమోనని ఒకటే బెంగ. లాక్‌డౌన్‌లో ఎక్కడ లైను కనబడినా ముందు దారం చుట్టే ఖాళీ బాబిన్ పెట్టి వంతు ఖాయం చేసుకునేవాడు, ఏమిస్తున్నారో తర్వాత అడిగేవాడు. వాటర్ పార్కు ఏడాది పాసులు అయిపోతున్నాయని ఎవరో అంటే, పొద్దున్నే పోయి అక్కడి టికెట్ల కిటికీ ముందూ బాబిన్ పెట్టాడు. వెనక ఒక్క మనిషీ లేడు.

“పార్కే బంద్ ఉంది కాకా, పాసులెట్ల అయిపోతయి?” అన్నాడు గుమాస్తా.

అయినా తనకొకటి, నీళ్ల జారుడుబండ ఎక్కాలని ఆశపడే భార్య పోశమ్మకొకటి తీసుకున్నాడు. మాస్కు తీస్తే జుర్మానా వేస్తారన్న భయానికి పాసుల మీది ఫోటోలు కూడా మాస్కులతోనే దిగారు.

పార్కు తెరిచేనాటికి పోశమ్మ కరోనాతో పోయింది.

“వదిన పాసు ఉత్తగనే పోతది గదనే అన్నా. మాస్కుల మొఖం ఎవలదని తెలుస్తది, నాకియ్యి,” అన్నది పక్కింటి సుమన.

అంబదాస్ పాసును చొక్కాకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

“కండ్లు కనబడుతున్నయి గద చెల్లె,” అన్నాడు.