మడిచి అంటించిన మూల

పోయిన వారం కమలాపురం నుంచి కార్డు వచ్చింది, మన పత్రిక మొదటి సంపాదకుడు గారు కన్నుమూశారని. నిజం చెప్పాలంటే, కార్డు చదవగానే నాకు ఏడుపు రాలేదు. ఆ గురువారాల సంగతి ఇక ఎప్పటికీ తెలియదు కదా అనిపించింది. పోయినవారి గురించి అలా అనుకోకూడదు. కానీ ఆయన దగ్గర ఉపసంపాదకుడిగా పనిచేసినన్నాళ్లూ నేను ఆయన్ను అనుమానిస్తూనే ఉన్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. డేరాల్లో సర్కారు కచేరీలు నడిచేవి. టీ అంగళ్లలో ఒకటే రచ్చ, రాజధాని ఇక్కడే ఉండాలా, హైదరాబాదుకు పోవాలా అని. నాది ఇక్కడే ఉండాలనే పక్షం. వారం వారం వ్యాసం రాసేవాణ్ణి. ఆయన ఒక పట్టు నశ్యం పీల్చి, ఎర్ర పెన్సిలు అందుకునేవారు.

"ఏమప్పా, ఈ ద్రోహం అనేది జరిగిన సంగతా, నీ కోపమా?"

"రెండూ సార్."

"జరిగింది ఉండనీ. కోపం నీ దగ్గరే పెట్టుకో. చదివేటోని కోపం వానికి ఉంటాది."

ఎదుటి పక్షం వ్యాసాల్లోనూ అలాగే కొట్టేసేవారు. నాకు మాత్రం నా వాటిలో పోయిన మాటలే కనిపించేవి.

గురువారం పొద్దున ప్రూఫులు గుడ్డసంచిలో వేసుకొని బయలుదేరేవారు. "యాడికి సార్ పోతాండారు?" అంటే "రవంత పనుండాది" అనేవారు. తిరిగి వచ్చేసరికి ఒక్కో ప్రూఫు కింది మూల మడిచి గంజితో అంటించి ఉండేది. ఆ మడతను ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. అచ్చయ్యాక ప్రూఫులన్నీ మళ్లీ ఆ సంచిలోకే పోయేవి.

ఒక గురువారం వెంటపడ్డాను. నా వ్యాసం పట్టుకొని ఆయన నేరుగా పోయింది హైదరాబాదు పక్షం వకీలు ఇంటికి. వకీలు అరుగు మీద కూర్చొని నా ప్రూఫు చదవడం కళ్లారా చూశాను. ఇంకేం కావాలి? ఆ పూటే చేతిరాత మార్చి ఆకాశరామన్న ఉత్తరం రాసి మా పత్రికకే పోస్టు చేశాను. "అమ్ముడుపోయిన మీ సంపాదకుడు మీకొచ్చిన వ్యాసాలను వకీలు ఇంటికి మోస్తున్నాడు. ఎందుకు?"

చింపేస్తారనుకున్నాను. తరువాతి సంచికలోనే వేశారు. 'అమ్ముడుపోయిన' అనే మాట ఒక్కటే లేదు. జవాబూ లేదు. ఊళ్లో జనం ఆయన్ను చూసి గుసగుసలాడారు, కొందరు పత్రిక మానేశారు. తప్పు చేశాడు గనకే నోరు మెదపలేదని నేను సంబరపడ్డాను. రాజధాని తరలిపోయాక ఆయన సొంతూరికి వెళ్లిపోతే సాగనంపడానికి కూడా పోలేదు.

కార్డు అందిన మర్నాడు కమలాపురం వెళ్లాను. ఆయన కూతురు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఆ గుడ్డసంచే తెచ్చి చేతిలో పెట్టింది.

"మా నాయన ఇది నీకే ఇయ్యమన్నాడన్నా. మూలలు తడిపి విప్పుకోమన్నాడు."

ఇందులో ఏ ఎత్తు ఉందోనని శంకిస్తూనే ఆమె ఇచ్చిన చెంబు నీళ్లలో వేలు ముంచాను. నా వ్యాసం మూల కింద వకీలు సంతకం ఉంది. దాని పైన పెన్సిలుతో మూడు మాటలు: "చదివినాను. నచ్చలేదు. అబద్ధం లేదు." వకీలు రాసిన వ్యాసం విప్పాను. కోడుమూరులో మా పక్షానికి పెద్ద దిక్కయిన రైతు సంతకం, పైన అవే మూడు మాటలు. ఎవరి వ్యాసమైనా ఎదుటి పక్షంవాడు చదివి అబద్ధం లేదన్నాకే అచ్చుకు పంపేవారన్నమాట. ఆ సంతకం బయటపడితే సొంత పక్షంవాళ్లే వాళ్లను అనుమానిస్తారని మూల మడిచారు. నాలాంటి వాళ్లకు భయపడి.

సంచి అడుగున నా ఉత్తరం ఉంది. ఒక్క మాట మీద ఎర్ర గీత. దానికీ మూల మడిచి ఉంది. తడిపి విప్పాను.

"చదివినాను. నచ్చలేదు. అబద్ధం లేదు." కింద, ఎదుటివాడు సంతకం పెట్టే చోట, ఆయన సంతకం.

సిగ్గుతో ఆ అరుగు మీదే కూలబడి ఏడ్చాను. ఒళ్లో ఉన్న ఉత్తరం మూల ఎండకు ఆరి, మెల్లగా పాత మడత మీదకే ముడుచుకుంటూ ఉంది.