ఓరిన్ విప్పిన చేతి తొడుగులు

మా సాల్ట్ వెల్స్‌లో ఈ వారమంతా ఒకటే పుకారు: ఓరిన్ టటిల్ తప్పతాగి కోచ్‌బండిని బురదలో బోల్తా కొట్టించాడని. కమ్మరి కొట్టు దగ్గరా అదే మాట, చర్చి మెట్ల మీదా అదే మాట. అది అబద్ధం. ఓరిన్ తాగడు. పన్ను పీకించుకున్న రోజున నేనే బ్రాందీ పోసిస్తే, పుక్కిలించి నా ఉల్లిమడిలో ఉమ్మేసి, గ్లాసు కడిగి ఇచ్చిన మనిషి.

పుట్టింది వెర్మాంటులో. గుర్రాలకు నీళ్లు పెట్టే పనితో మొదలై, మా నెవాడా కొండదారిలో ఆరు గుర్రాల బండి తోలేవాడయ్యాడు. దారి అని పేరే గానీ అది దారి కాదు. ఎండాకాలం ఉప్పుదుమ్ముకు ప్రయాణికుల కనుబొమలు తెల్లబడతాయి. మంచు కరిగితే ఇరుసుల దాకా బురదే. లోపల మోకాళ్లూ మోకాళ్లూ రాసుకుంటూ కూర్చోవాలి, ఎత్తు వస్తే దిగి నడవాలి, చక్రం కూరుకుపోతే తొయ్యాలి. బండిని మోసే తోలుపట్టీ తెగిందంటే ఓరిన్ ఏ కంచె కర్రో పీకి కింద దూర్చి, "ఎక్కండి దొరలూ, పరుపు కాస్త గట్టిపడింది, అంతే!" అంటాడు. ఒకసారి విడిదిలో పెట్టిన పాచి చిక్కుడుగింజలు తిని బండంతా కడుపులు పట్టుకుంటే, పాపం, పొద కనబడ్డ చోటల్లా బండి ఆపుకుంటూ వచ్చాడు.

ఈ పనిలో ఉన్నవాళ్లకు కొన్ని పట్టింపులున్నాయి. తోలేవాడి పక్క పీట మీదికి ఆయన పిలిస్తేనే ఎక్కాలి, గవర్నరైనా సరే. ఇక పగ్గాలు మరొకరి చేతికివ్వడమంటే వాళ్లకు అంతకు మించిన తలవంపు లేదు. ఓరిన్ పక్క పీట మూడేళ్లుగా థర్జాది. భర్త పోయాక బట్టలుతికి బతుకుతోంది ఆవిడ. గనుల ఊరికి ఉతికిన మూటలు తీసుకెళ్లి, మాసినవి తెస్తుంటుంది. ఈయన ఆవిణ్ణి పెళ్లి అడుగుతాడేమోనని ఊరంతా చూసి చూసి విసిగిపోయింది. "ఇవాళ గాలెక్కువ, థర్జా" అన్న ముక్క దాటి ఆ నోట మరొకటి రాలేదు.

బండి పడింది మంగళవారం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ ఒక టోపీల వ్యాపారి సరుకంతా బురదపాలైంది. తాగుడు మాట పుట్టించింది ఆయనే. ఏం జరిగిందో చెప్పమని కంపెనీ ఏజెంటు క్రాబ్‌ట్రీ అడిగితే ఓరిన్ పెదవి విప్పలేదు.

"ఆదివారం దాకా చూస్తా. చెప్పావా సరి, లేదా బండి ఇంకొకడికి, లాయంలో పేడ పార నీకు" అన్నాడు ఏజెంటు.

నేనూరుకుంటానా? బండి ఊళ్లోకి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఓరిన్ మీసాల నుంచి బూట్ల దాకా బురదే. కోటు విప్పితే మాత్రం లోపలి జేబులో జింకతోలు తొడుగులు మడత నలగకుండా, శుభ్రంగా ఉన్నాయి. తొడుగుల్లేకుండా పగ్గాలు పట్టేవాడు ఈ కొండల్లో ఉన్నాడా? మర్నాడు థర్జా గంజిపొడికి వచ్చి గిన్నె చాపింది. వేళ్ల సందుల్లో ఎర్రటి వాతలు!

"ఇవేంటే?" అన్నాను.

"సబ్బు పడలేదు పెద్దమ్మా" అంది, నా పొయ్యి వైపు చూస్తూ. ఊరందరికీ నేను పెద్దమ్మనే. సబ్బు వాతలేవో పగ్గాల తోలు వాతలేవో ఆ మాత్రం నాకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం ఓరిన్‌నీ, థర్జానీ, ఏజెంటునీ భోజనానికి పిలిచి, నా కోళ్లలో లావుపాటిదాన్ని కోశాను.

"చెప్పు ఓరిన్, తాగావా లేదా?" అన్నాడు క్రాబ్‌ట్రీ.

"బంగాళాదుంపలు ఇలా ఇవ్వండి."

"అయితే పేడ ఎత్తుకుంటావా?"

"గుర్రాలకు నేనంటే ఇష్టమేనండీ."

థర్జా చేతిలో చెంచా విసురుగా కింద పెట్టింది. "ఇక చాలు! పగ్గాలు నా చేతిలో ఉన్నాయి ఏజెంటుగారూ. చక్రం దారి పక్క గట్టు మీదికి ఎక్కేలా లాగిందీ నేనే, అందరినీ బురదలో పడేసిందీ నేనే."

ఏజెంటుకు ముద్ద గొంతులో అడ్డం పడింది. "పగ్గాలిచ్చావా? ప్రయాణికురాలికా? అంతకంటే తాగి ఉన్నా నయమే కదయ్యా!"

"అందుకే కదండీ నోరెత్తలేదు" అన్నాడు ఓరిన్, పళ్లెంలోకి చూస్తూ.

"ఎందుకిచ్చాడో నాకూ తెలీదు పెద్దమ్మా. 'కాస్త పట్టుకో' అన్నాడు, అంతే" అంది థర్జా.

క్రాబ్‌ట్రీ మూతి తుడుచుకున్నాడు. "కారణం సబబుగా ఉంటే బండి నీదే. లేకపోతే రేపే పార పట్టుకో."

ఓరిన్ మళ్లీ దుంపల గిన్నె వైపు చెయ్యి చాపాడు. దాన్ని నా వైపు లాక్కున్నాను.

"ఇటు చూడు అబ్బాయ్. పగ్గాలు దాని చేతికిచ్చి నువ్వు తొడుగులెందుకు విప్పావు?"

ఓరిన్ చెవులు ఎర్రబడ్డాయి. థర్జా వైపు చూడకుండా నాకే చెప్పాడు.

"తొడుగులతో పెళ్లి అడిగితే బాగుండదు కదా పెద్దమ్మా. రెండూ విప్పి, జేబులో పెట్టుకుని, నోరు తెరిచా. మాటకంటే ముందు బురదొచ్చి పడింది."