దాపటి పలక

హైదరాబాదు నుంచి సూర్యాపేట బస్సు పొద్దున ఆరింటికి బయలుదేరాలి. ఆరున్నర దాటాక కదిలింది. నా సామాను ఒక గుడ్డసంచి, ఒక వెదురు గాలపు కర్ర, పాత పత్రికల్లో చుట్టిన మూడు కట్టెచేపలు. అన్నిటికన్నా పెద్దది జానెడున్నర పొడుగు ఉంటుంది. మూతి దగ్గర రేకు ముక్క, పొట్ట కింద గాలాలు. పడవ వెనుక లాగితే నీళ్ళలో వంకరలు తిరుగుతూ పోతాయి, పెద్ద వాలుగలు నిజం చేపలనుకుని పట్టుకుంటాయి.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పాలి. మిర్యాలగూడలో గొంగళ్ళ వ్యాపారం చేసే కొమురయ్య, నేను ప్రతి చలికాలం వాడపల్లికి పోతాం. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట పడవ కిరాయికి తీసుకుని నాలుగు రోజులు వాలుగల కోసం తిరుగుతాం. పడవలో ఆయన ఎడమవైపు, నేను కుడివైపు. రోజంతా మాట్లాడుకునేది తక్కువే. కాని సెలవు దినం కూడా పత్రికాఫీసుకు పోయి కూర్చునే నాకు, ఏడాదిలో ఇంకొక మనిషి పక్కన కూర్చునేది ఆ నాలుగు రోజులే.

పోయిన వానాకాలంలో కొమురయ్యకు పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది, ఎడమ చెయ్యి తేరుకోలేదు. ‘ఈసారి రాను, నా కోసం ఆగొద్దు’ అని ఉన్ని మూటల లారీవాడితో కబురు పంపాడు. ఇంట్లోంచి బయటికి రావడం లేదని, నది మాట ఎత్తితే లేచి లోపలికి పోతున్నాడని లారీవాడు తన మాటగా చెప్పాడు.

అప్పుడు నాకు ఒక పలక గుర్తుకొచ్చింది. యుద్ధానికి ముందు కృష్ణ మీద ఒక తెల్లదొర పడవకు తాడుతో ఒక పలకను కట్టి వదిలాడు. అది పడవ వెంట రాకుండా, దూరంగా పక్కకు జరిగి, పడవతో సమంగా నడిచింది. గాలపు దారాన్ని ఆ పలకకు తగిలిస్తే కట్టెచేప కూడా దూరంగానే పోతుంది. దారాన్ని మనిషి పట్టుకోనక్కర లేదు. కర్రను పడవకు కట్టేసి పలకను చూస్తూ కూర్చోవచ్చు. చేప తగిలాక కర్రకున్న దారం చుట్టే చక్రాన్ని ఒక్క చేత్తో తిప్పితే చాలు. అలాంటి పలక ఒకటి చేయించి తీసుకుపోతే కొమురయ్య పడవెక్కుతాడని నా ఆశ.

పక్క సీటులో కోళ్ళగంప పెట్టుకున్న ముసలమ్మ కట్టెచేపను చేతిలోకి తీసుకుని చూసింది.

“నిజం సేపలే దొరుకుతలేవు కొడుకా, కట్టె సేపకు సేప దొరుకుతదా?”

“దొరుకుతదమ్మా, జర ఓపిక కావాలె.”

“నీకు పెండ్లాం లేదా ఏంది, ఇంత ఓపిక!” అంది. బస్సులో పదిమంది నవ్వారు. లేదని చెప్పడానికి అది సమయం కాదు. నేనూ నవ్వాను.

పదకొండు దాటాక సూర్యాపేట. నిజాం సర్కారు పోయి ఏడాది దాటినా బస్టాండు దగ్గర ఇంకా పోలీసు డేరాలున్నాయి. పూటకూళ్ళ ఇంట్లో అన్నం, పప్పుచారు తిని, బండ్లు చేసే రామాచారి కొట్టానికి వెళ్ళాను. మూరెడు పొడుగు, జానెడు వెడల్పు పలక కావాలని, ముందు అంచు ఏటవాలుగా చెక్కాలని నేలమీద బొగ్గుతో గీసి చూపించాను.

“గిదేం తలుపు సారూ? పిల్లి పోనీకా?” అన్నాడు రామాచారి.

నీళ్ళలో ఎలా నడుస్తుందో చెప్పాను. ఏటవాలు ఎటువైపు ఉంటే దానికి ఎదురు దిక్కుకు నీళ్ళు తోస్తాయని ఆయనకు నాకన్నా ముందే తట్టింది. ఎడమవైపుకు పోయేది ఒక్కటి చాలన్నాను.

“దాపటిదొక్కటేనా? వలపటిది వద్దా?” కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు దాపటిది, కుడివైపుది వలపటిది. ఆయన లోకంలో అన్నీ ఆ లెక్కనే. “ఒక్కటి నేను చెయ్య సారూ. ఎద్దన్నంక జోడుంటది. చేస్తే రెండు చేస్త, లేకుంటే ఇంకోన్ని సూస్కో.”

నా కుడివైపు దారం నేనే పట్టుకుంటానని ఎంత చెప్పినా వినలేదు. సాయంత్రానికి టేకుతో ఒక జోడు, బూరుగుతో ఒక జోడు చేశాడు. ఆ రాత్రి ముసాఫిర్‌ఖానాలో పడుకున్నాను. పెద్ద హాలులో ఇంకెవరూ లేరు. కావలివాడు దీపం నాకొక్కడికే ఎందుకన్నట్టు తొందరగానే తీసుకుపోయాడు.

మర్నాడు బండిలో మూసీకి పోయాం. ఒడ్డు వెంట నడుస్తూ తాడు పట్టుకుని లాగితే పలక నది నడుమకు జరగాలి. చిన్న కట్టెచేప కట్టినప్పుడు టేకు పలక బాగానే జరిగింది. పెద్దది కట్టేసరికి దాని బరువుకు ముక్కు కిందికి పెట్టి మునిగింది. బూరుగుది తేలింది కాని, ఒక గడియలో నీళ్ళు పీల్చి పక్కకు ఒరిగింది.

“టేకు మునుగుతది, బూరుగు తాగుతది,” అని రామాచారి తేల్చాడు. “తేలికది గావాలె, నీళ్ళు తాగనిది గావాలె. పొడుగు ఇంకో జానెడు పెంచాలె. కోదాడల మా అల్లుని తాన మిలిటరీ పెట్టెల చెక్క ఉన్నది, గాడికి పో.”

మధ్యాహ్నం బస్సులో కోదాడ. అక్కడి మాటలో అప్పుడే బెజవాడ గాలి తగులుతుంది. అల్లుడు లక్ష్మాచారి దుకాణం నిండా యుద్ధపు రోజుల సామాను పెట్టెలు. తెల్లటి దేవదారు చెక్క. ఎండి గలగలలాడుతోంది.

“మా మామ ఒక్కటి చెయ్యమన్నాడా అండీ? అనుండడే!” అన్నాడు, రామాచారి పంపాడని, పలక ఒక్కటి చాలని నేను చెప్పగానే.

“రెండే చెయ్యి బాబూ,” అన్నాను.

దేవదారుతో చేసి, నీళ్ళు పట్టకుండా ఆముదం పట్టించి, నిటారుగా నిలబడేందుకు కింది అంచున సీసపు రేకు కొట్టాడు. దూరం నుంచి కనబడాలని పై అంచుకు ఎర్ర రంగు పూశాడు. చెరువులో లాగి చూశాం. పెద్ద కట్టెచేపను కట్టినా ముక్కు దించలేదు. తాడు నిడివంతా తీసుకుని పక్కకు పోయి, నేను నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది. వెంట మరో మనిషి నడుస్తున్నట్టే ఉంది.

మర్నాడు కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సు. నేరేడుచర్ల దగ్గర ఆపి సోదా చేశారు. జవాను పలకను తిప్పి సీసపు రేకు మీద వేలు పెట్టాడు. ఆ రోజుల్లో సీసం అంటే తూటాలే గుర్తొచ్చేవి. నన్ను దిగమన్నాడు. వెనుక సీటులో గొర్రెలు కాసే ఒకాయన కిటికీలోంచి తల బయటపెట్టి, “మఛ్లీ పకడ్నే కా సాబ్, మఛ్లీ!” అని అరిచి, చేతులు బారచాపి చేప ఎంతుంటుందో చూపించాడు. జవాను ఆ చేతుల వంక, నా మొహం వంక చూసి, నవ్వి ఎక్కమన్నాడు.

“అంత పెద్దది ఎప్పుడన్న పట్టినవా సారూ?” అని గొర్రెలాయన తర్వాత అడిగాడు.

“ఒక్కసారి. ఇద్దరం కలిసి.”

నాలుగింటికి మిర్యాలగూడ. కొమురయ్య లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. ఎడమ చెయ్యి గొంగడి కింద దాచుకున్నాడు. ఆయన భార్య లింగమ్మ నాకు నీళ్ళిచ్చి, “అన్నా, నువ్వన్న జర బయటికి తీస్కపో,” అని మెల్లగా అంది.

పలకలు మంచం మీద పెట్టాను. సంగతంతా చెప్పాను.

“నా చెయ్యి పోయిందని చెక్క తెచ్చినవా పంతులూ?” అన్నాడు. “కాలు పోతే కొయ్యకాలు తెస్తరు. గిట్ల నదికి కొయ్యమనిషిని తెచ్చేటోన్ని నిన్నే సూసిన.”

ఒక పలకను ఆయన కుడిచేతి దగ్గరికి జరిపాను. ఆయన దాన్ని ఎత్తి చూశాడు. “దారం దీనికి ఎట్ల తగిలిస్తవ్? చేప గుంజినప్పుడు ఊడాలె గద?”

వెదురు చీల్చి చేసిన పట్టుకొయ్యను చూపించాను. దాని నోట్లో దారం పెట్టి ఒకసారి గుంజి, “పెద్ద కట్టెచేప బరువుకే ఊడిపోతది. గట్టిగ చేస్తే చేపకు ఊడదు,” అన్నాడు. తర్వాత లింగమ్మను కేకేసి ఉన్ని తెమ్మన్నాడు. ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఒక్క చేత్తో తొడ మీద పేనాడు. ఒక పోగుతో కట్టెచేపను వేలాడదీసి జాడిస్తే తెగింది. మూడు పోగులు నేను రెండు చేతులతో గుంజినా తెగలేదు. రెండు పోగులు కట్టెచేపను మోశాయి, గట్టిగా ఒక్క గుంజు గుంజితే తెగాయి.

“రెండు,” అన్నాడు. ఆ సాయంత్రమంతా రెండేసి పోగుల ముక్కలు పేనుతూనే ఉన్నాడు. నాకు గెలిచాననిపించింది.

పొద్దున వాడపల్లి బండి వచ్చి వాకిట్లో ఆగింది. కొమురయ్య గడప దాకా వచ్చాడు. ఉన్ని ముక్కల చుట్ట నా జేబులో పెట్టాడు.

“నువ్వు పో బావా. పడవల నన్నెవలన్న ఎత్తి కూసోబెడితే నేను సూడలేను.”

ఆయన గడప దిగలేదు.

వాడపల్లిలో పడవ నడిపేది ఎప్పుడూ సైదులే. ఎడమవైపు ఖాళీని చూసి నా సంచిని అటు జరిపాడు. అవతలి ఒడ్డు మద్రాసు సర్కారుది. అక్కడ ఎవరో బట్టలుతికే చప్పుడు నీళ్ళ మీంచి వచ్చేది. గాలపు దారాన్ని ఉన్ని ముక్కతో తగిలించి దాపటి పలకను వదిలాను. ఎర్ర అంచు మెల్లగా దూరం జరిగి, తనకు నచ్చిన దూరంలో నిలబడి, మాతో పాటు నడిచింది. దాని వంకే చూస్తూ పొద్దు గడిపాను. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. వాలుగ తప్పిపోయినప్పుడు నన్ను తిట్టేది కాదు, చుట్ట ముట్టించి నాకు సగం ఇచ్చేది కాదు.

రెండో రోజు ఎండ దిగే వేళ ఉన్ని తెగింది. పలక ఒక్కసారి తేలికపడి గెంతింది. కర్ర వంగింది, చక్రం మోగింది. నా కుడివైపు దారం ఇంకా నీళ్ళలోనే ఉంది, దాన్ని చుట్టుకునేవాళ్ళు లేరు. సైదులు తెడ్డు వదిలి దాన్ని అందుకునేలోగా రెండు దారాలు చిక్కుపడ్డాయి. వాలుగ ఒకసారి నల్లని వీపు చూపించి పోయింది.

“మల్ల తిరుగుదామా?” అన్నాడు సైదులు.

వద్దన్నాను.

మిర్యాలగూడకు తిరిగొచ్చి, పలకకు వేలాడుతున్న ఉన్ని కొసను కొమురయ్యకు చూపించాను. వెలుతురు కావాలని పలకతో సహా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. బయటికి వచ్చానని ఆయన గమనించినట్టు లేదు. లోపల లింగమ్మ కదలకుండా నిలబడిపోయింది.

“జారలే. తెగింది,” అన్నాడు కొసను వేళ్ళతో నలుపుతూ. “పెద్దదే. రెండో దారం ఎవలు సుట్టిన్రు?”

“ఎవరూ లేరు.”

“గదే మరి. రెండో దారం సుట్టనీకి ఒక్క చెయ్యి సాలు,” అన్నాడు. 

నేను బయలుదేరేటప్పుడు వలపటి పలకను తీసి మంచం కింద పెట్టుకున్నాడు.

“నా దిక్కుది నువ్వు తీస్కపో. నీ దిక్కుది ఈడ ఉండనీ. నాది నాకాడ ఉంటే దాన్ని సూస్కుంట నేనొక్కన్నే కూసుంట. నీదుంటే దీనికోసమన్న నువ్వు రావాలె గద.”

నల్లగొండ మీదుగా వచ్చే బస్సెక్కాను. ఈ పనికి పోదలచినవారికి చెప్పేది కొంచెమే. పెద్ద కట్టెచేపకు టేకు వద్దు, బూరుగు వద్దు. ఎండిన దేవదారు, కింద సీసం, తగిలించడానికి రెండు పోగుల ఉన్ని. పడవలో రెండో మనిషి ఉండాలి. అది ఏ చెక్కతోనూ తీరేది కాదు.

నల్లగొండలో ఎక్కిన ఒకాయన నా ఒళ్ళో పలకను చూసి అడిగాడు.

“ఏంది సారూ, తలుపా? ఇంకో రెక్కేది?”

“మిర్యాలగూడలో ఉంది,” అన్నాను.